పడమటి ఒడ్డు మడమలెక్క

పర్యటన 588

ఈ పుస్తకం ఆఫీసుది కాదు, నాది. ఆఫీసు ఫారంలో ఆరు గళ్ళుంటాయి: తేదీ, అతిథి, దారి, వాతావరణం, అతిథి తృప్తి, మోసినవారి స్థితి. ఆరో గడిలో ఇప్పటికి ఐదువందల ఎనభై ఎనిమిదిసార్లు "బాగుంది" అని రాశాను. మా ఇంట్లో రాయడం వచ్చిన మొదటి మనిషిని నేనే. రాయడం వచ్చాక ఒకే మాట ఇన్నిసార్లు రాయాల్సి వస్తుందని అనుకోలేదు.

ఉదయం తొమ్మిదికి పొర తొడుక్కున్నాను. ముందు కాళ్ళు మంచినీళ్ళతో కడిగి ఆరబెట్టాలి. వేళ్ళ సందుల్లో గాలి లేకుండా అతికించాలి. అరికాలి నుంచి మెడ దాకా ఉల్లిపొరంత పలచన. చెవి వెనక గింజ పెట్టుకోగానే అతిథి గొంతు వినిపిస్తుంది. ఆ క్షణం నుంచి నా ఒంటికి తగిలేదంతా అతిథికి తెలుస్తుంది, నాకు తెలియదు. పొర దాన్ని చర్మం దగ్గరే పట్టుకుని పంపేస్తుంది. నా వంతు నడవడం, ఈదడం, తెడ్డు వేయడం.

ఇవాళ్టి అతిథి సులోచనగారు. అనంతపురం. ముప్పై ఏళ్ళు బస్సు కండక్టరు. వెన్ను దెబ్బతిని నాలుగేళ్ళుగా మంచం మీద ఉన్నారు. నడుము కింద ఏమీ తెలియదు. వైద్యపథకం కింద వారానికి ఒక గంట ఇస్తారు. ఆ గంట కోసం నన్నే అడుగుతారు.

"పాపా, ఆ మొగిలి పొదల పక్కన నిదానంగా పో. ఆకు గీరుకుంటాంది గదా. బో బాగుంది."

"గీరుకుంటే బాగుండడమేమిటండీ?"

"నాలుగేండ్లాయ నన్నేదన్నా గీరి. నీకేం తెలుసు."

రాతి కమాను దాటాం. పగడాల మడుగులో వెల్లకిలా తేలాను. నీలిచేపలు వచ్చి మోచేతులు కొరికాయట. ఆమె నవ్వుతుంటే తెలిసింది. మడ అడవిలోకి దోనె తోశాను. చివర్లో ఎప్పటిలాగే ఇసుక ఒడ్డు. అల వెనక్కి పోతుంటే మడమల కింద ఇసుక జారుతుంది. అతిథులు అన్నిటికన్నా ఎక్కువగా అడిగేది అదే.

"ఇంగొక్క అల," అన్నారు సులోచనగారు. ఆ తర్వాత ఇంకొకటి. గంట అయిపోయే దాకా అలలే.

పదిన్నరకు పొర తీశాను. తీశాక కాళ్ళు కొంతసేపు మొద్దులా ఉంటాయి. తర్వాత తిమ్మిరి పుడుతుంది. తిమ్మిరి వచ్చిందంటే స్పర్శ వెనక్కి వస్తున్నట్టు. ఇవాళ తిమ్మిరి మధ్యాహ్నం పన్నెండున్నరకు వచ్చింది. రెండు గంటలు. మామూలే.

పర్యటన 594

మామ్మ మోకాలు ఇక లేవనంటోంది. మామ్మ అంటే మా నాయనమ్మ గురమ్మ. నలభై ఏళ్ళుగా ఈ పేట మడమలెక్క ఆమెదే.

మా దీవి పడమటి ఒడ్డును నిశ్శబ్ద తీరం అంటారు. ఇంజను వద్దు, స్తంభం వద్దు, నీటి మీద తేలే గుర్తులు వద్దు. చూడవచ్చిన వాళ్ళ కంటికి ఖాళీ సముద్రమే కనబడాలి. ఆ షరతు మీదే మా ఇరవై మూడు కొంపల్ని ఇక్కడ ఉండనిచ్చారు. సముద్రం సంగతి చెప్పే యంత్రాలు కొండకు అవతల, తూర్పు ఒడ్డుకే. మా నావలు తెరచాపతో పోతాయి. పోవాలో వద్దో మామ్మ మడమలు చెబుతాయి.

తెల్లారగానే వట్టి కాళ్ళతో అల ఆగే చోట పడమటికి తిరిగి నిలబడాలి. కళ్ళు మూసుకోవాలి. మడమలు ఇసుకలో పూర్తిగా దిగేలోగా పదిహేను అలలు దాటితే పోవచ్చు. తక్కువైతే ఆగాలి. ఇంకొకటుంది. మొదటి రెండు అలల్లో ఎడమ మడమ కింద ఇసుక ముందు జారితే నీళ్ళు దక్షిణానికి లాగుతున్నట్టు. దక్షిణాన పగడపు దిబ్బ ఉంది. అప్పుడు ముప్పై అలలు లెక్కకొచ్చినా ఆగాల్సిందే. ఆ తేడా నాలుగు గింజలంత. కంటికి అందదు, మడమకే తెలుస్తుంది. లెక్క అయ్యేదాకా ఎవరూ మాట్లాడకూడదు. చెప్పాక ఎవరూ ఎదురు చెప్పకూడదు.

నాకు ఏడేళ్ళప్పటి నుంచి మామ్మ నేర్పింది. అమ్మ తూర్పు ఒడ్డు హోటల్లో వంట చేస్తుంది, పదిహేను రోజులకోసారి వస్తుంది. కాబట్టి వారసురాలిని నేనే.

"రేపటి సంది నువ్వే నిల్చోవాల," అంది మామ్మ.

"నాకు పనుంది కదా మామ్మా, తొమ్మిదికి..."

"తొమ్మిదికి సంద్రంలోకి ఎవులెల్తారే? తెల్లారి నిల్చోడానికి నీ ఆఫీసోలికి ఏటి నొప్పి?"

తిమ్మిరి నాలుగు గంటలకు వచ్చింది. అంటే ఐదున్నర గంటలు. ఆరో గడిలో "బాగుంది" అని రాశాను.

పర్యటన 601

తిమ్మిరి రాలేదు.

సాయంత్రం వేడినీళ్ళలో కాళ్ళు పెట్టుకుని కూర్చున్నాను. నీళ్ళు వేడిగా ఉన్నాయని ఆవిరి చూసి తెలిసింది. తూర్పు ఒడ్డు ఆఫీసులో మా పర్యవేక్షకురాలు ప్రమీలగారికి ఫోన్ చేశాను. నా పేరు చెప్పకుండా, ఎవరో స్నేహితురాలి సంగతన్నట్టు అడిగాను.

"కొందరికి ఆరువందలు దాటాక ఆలస్యమవుతుంది. విశ్రాంతి ఇస్తే కొందరికి తిరిగి వస్తుంది," అన్నారావిడ.

"మిగతావాళ్ళకండీ?"

"ఆ స్నేహితురాల్ని ఆరో గడిలో నిజం రాయమను. రాస్తే వారంలో పొర వెనక్కి తీసుకుంటాం."

పొర పోతే పనిపోతుంది. ఈ పేటలో చదువుకుని ఉద్యోగం చేస్తున్నది నేనొక్కదాన్నే. బడికి పోతానన్నప్పుడు మా అయ్య మూడు నెలలు పేటతో పోట్లాడాడు. "బాగుంది" అని రాశాను.

పర్యటన 604

పది రోజులుగా తెల్లవారి లెక్క నేనే చెబుతున్నాను. ఇవాళ్టికి మూడో రోజు, మడమ కింద ఏమీ తెలియకుండా.

నేను చేస్తున్నది ఇది. కళ్ళు మూసినట్టే మూసి, రెప్పల కింద నుంచి చూస్తున్నాను. మడమ ఎంత దిగిందో కనబడుతుంది. అలలు లెక్కపెడుతున్నాను. బళ్ళో నాకు లెక్కల్లో ఎప్పుడూ మొదటి మార్కే. పదిహేడు, పంతొమ్మిది, ఇరవై రెండు. సముద్రం నెమ్మదిగా ఉంది. మూడు రోజులూ నావలు క్షేమంగా వచ్చాయి. ఎడమా కుడీ సంగతి మాత్రం నాకు తెలియదు.

మా అయ్య కారయ్యతో నావ మీద పోయేది సింహాద్రి మావ. నోరు ఊరుకోదు. "ఏటే నూకరత్నం, పగలంతా ఊరోలికి ఒల్లు అద్దెకిస్తావు, తెల్లారి మాకు మడమలు అరువిస్తావు. నీకంటూ ఏటి మిగులుతాదే?" అన్నాడు.

"బుర్ర మిగులుతాది మావా. నీకు లేనిదదే కదా."

అందరూ నవ్వారు. అయ్య అందరికన్నా గట్టిగా నవ్వాడు.

పర్యటన 617

తెల్లవారి పద్దెనిమిది అలలు లెక్కపెట్టాను. "ఎల్లండి" అన్నాను.

మా నావ ముందు దిగింది. మిగతా రెండూ ఇంకా ఇసుక మీదే ఉన్నాయి. అయ్య తెరచాప ఎత్తాడు. గాలి ఉత్తరానికి తోస్తోంది. నావ మాత్రం పక్కకు తిరిగి దక్షిణానికి పోసాగింది, ఎవరో కింద నుంచి తాడు కట్టి లాగుతున్నట్టు. సింహాద్రి మావ తెడ్డు వేస్తున్నాడు. తెడ్డు పైకి లేవడం, దిగడం కనబడుతోంది. కొండ చరియ వెనక్కి పోయాక కనబడలేదు.

తొమ్మిదికి నాకు పర్యటన ఉంది. వెళ్ళాను. అతిథి ఎవరో పెళ్ళయి పది రోజులైన జంట. ఇద్దరికీ మడ అడవిలో దోనె కావాలన్నారు. తెడ్డు వేశాను. తృప్తి గడిలో ఐదుకు ఐదు ఇచ్చారు.

మధ్యాహ్నం పాటు తీసి నీళ్ళు తగ్గాక, ఇద్దరూ పగడపు దిబ్బ మీద నడుచుకుంటూ వచ్చారు. నావ లేదు. అయ్య ముంగాలు చీరుకుపోయి ఎముక తెల్లగా కనబడుతోంది. నావకీ రాయికీ మధ్య పడి సింహాద్రి మావ కుడిచేతి రెండు వేళ్ళు నలిగిపోయాయి. లుంగీ చింపి కట్టుకున్నాడు.

"ఎనిమిదున్నాయి కదే. అన్నం తినడానికి సాల్తాయి," అన్నాడు మావ.

పేటంతా ఒడ్డునే ఉంది. ఎవరూ నన్నొక్క మాట అనలేదు. "గంగమ్మ మాట మార్చీసినాది," అన్నాడు అయ్య. "మా నూకీ గుంట లెక్క సరిగ్గానే ఉన్నాది. నాను సూసినాను, పద్దెనిమిది. ఆవిడ మనసు మారితే ఎవులేటి సేస్తారు?" తల మీద చెయ్యి పెట్టాడు. చెయ్యి బరువు తెలిసింది. తల మీద పొర ఉండదు.

ఏడుపు వస్తుందేమోనని చూశాను. పొర మెడ దాకానే కాబట్టి, ఏడుపు పై భాగంలో మిగిలి ఉంటుందని అనుకునేదాన్ని. రాలేదు.

అదే రోజు, దీపాలు పెట్టాక

మామ్మ నా కాళ్ళకు కొబ్బరినూనె రాస్తానంది. పొరకు నూనె పడదు, వద్దన్నాను. "రాయనీ," అంది. గడప మీద కూర్చుని ఆమె ఒళ్ళో కాళ్ళు పెట్టాను. అయ్య ముంగాలికి ఏ ఆకు కట్టాలో, కొత్త నావకు చెక్క ఎవరిస్తారో చెబుతోంది. నేను ఊఁ కొడుతున్నాను.

కాసేపటికి మాట ఆపింది. నా చేతిలో ఏదో పెట్టింది. చూస్తే ఆల్చిప్ప. అంచున రక్తం. నా కుడి మడమ మీద అంగుళం గీత. మాట్లాడుతున్నంతసేపూ గీస్తూనే ఉందన్నమాట.

"ఎన్నాల్లయినాది?"

"పదహారు రోజులు."

"అంటే నువ్వు కల్లతోటి లెక్కెట్టినావు."

"అవును మామ్మా."

మామ్మ నన్ను కొడుతుందనుకున్నాను. కొట్టలేదు. పాత చీర చింపి మడమకు కట్టింది. ముడి గట్టిగా వేసిందో లేదో నాకు తెలియలేదు.

"నాను ఎవులికీ సెప్పను," అంది. "నువ్వే సెప్పాల. తెల్లారి, అక్కడే నిల్చోని."

పర్యటన లేదు

సెలవు అడిగాను. కారణం గడిలో "ఇంటి పని" అని రాశాను.

తెల్లవారి రోజూలాగే పేట వచ్చింది. నిలబడ్డాను. ఒక అల వచ్చి పోయింది. ఇంకొకటి. ఎవరూ మాట్లాడలేదు, మాట్లాడకూడదు కాబట్టి. నేను కళ్ళు తెరిచి వెనక్కి తిరిగాను.

"నాకు తెలవడం లేదు," అన్నాను. "పదిహేడు రోజులుగా తెలవడం లేదు. నిన్నటిదాకా చూసి చెప్పాను. నిన్న గంగమ్మ మాట మార్చలేదు. నేనే ఆవిడ మాట వినలేదు."

మొదట ఎవరికీ అర్థం కాలేదు. సింహాద్రి మావకు అర్థమైంది. కట్టు కట్టిన చెయ్యి ఒకసారి చూసుకున్నాడు. మళ్ళీ నా వైపు చూశాడు. హాస్యమాడతాడని ఎదురుచూశాను. ఇంటికి నడిచాడు.

అయ్య మాత్రం అక్కడే నిలబడ్డాడు. "సదువుకున్నావు," అన్నాడు. అంతే.

మామ్మను ఇద్దరు ఆడవాళ్ళు ఎత్తుకొచ్చి నిలబెట్టబోయారు. మొదటి అలకే మోకాలు మడత పడింది. వేరే ఎవరి మడమలూ నేర్చినవి కావు. నావలు దిగలేదు.

పర్యటన 619

మూడు రోజులుగా నావలు ఇసుక మీదే ఉన్నాయి. నీళ్ళ మీద పక్షులు గుంపులు గుంపులుగా దిగుతున్నాయి. కవళ్ళ చేపలు వచ్చాయి. ఏడాదిలో పది రోజులే వస్తాయి. అవి పోతే ఎండబెట్టుకోవడానికి ఏమీ ఉండదు, వానాకాలం గడవదు. రెండు కుటుంబాలు కొండ దాటి తూర్పు ఒడ్డుకు పోయే మాట మాట్లాడుతున్నాయి.

ఇవాళ సులోచనగారి గంట. పగడాల మడుగు వద్దన్నారు. సూటిగా ఇసుకకే పొమ్మన్నారు. నిలబడ్డాను.

"పాపా, నీ కుడి మడమకు ఏమాయ? సుర్రుమంటాంది."

అప్పుడు తట్టింది. నా కాళ్ళు చెడిపోలేదు. ఇసుక వాటికి తగులుతూనే ఉంది. తగిలింది నా దాకా రావడం లేదు, అంతే. ఆమె దాకా పోతోంది.

సొంత విషయాలు అతిథికి చెప్పకూడదని నియమం. చెప్పాను. మామ్మ, ఆల్చిప్ప, మావ వేళ్ళు, అన్నీ.

"అంటే ఇన్నాళ్ళూ నేను నీ కాళ్ళు తినేసినానా పాపా?"

"మీరొక్కరే కాదండీ. ఆరువందల మంది."

"అదేం సమాధానం!"

"నాకొక సాయం కావాలి," అన్నాను. "ఇప్పుడు ఏ మడమ కింద ఇసుక ముందు జారుతోందో చెప్పగలరా?"

"అమ్మో. నేను సముద్రం నా కండ్లతో సూసిందే లేదు. మనుషుల ప్రాణాలు గదా." అంతలోనే అడిగారు: "ఎవురెవురు పోతారు ఆ పడవలో?"

చెప్పాను. కారయ్య, మా అయ్య. సింహాద్రి మావ, రెండు వేళ్ళు లేవు. మా నావ పోయింది కాబట్టి ఇద్దరూ లచ్చయ్య నావలో, అతనితో, అతని అల్లుడు తాతారావుతో పోవాలి. ఇంకో దాంట్లో పోలయ్య తాత, ఆయన కొడుకు. ఒక్కొక్క పేరూ ఆమె తిరిగి పలికారు, టిక్కెట్టు కొట్టేముందు ఊరి పేరు పలికినట్టు.

"ముప్పై ఏండ్లు నేను రైట్ అంటేనే బస్సు కదిలింది," అన్నారు. "నా తట్టు నుంచి ఒక్క మనిషీ కింద పడల్యా. నేర్పు పాపా."

మిగిలిన గంటంతా నేర్పాను. మామ్మ నాకు చెప్పిన మాటలతోనే.

పర్యటన 620

వచ్చే వారం గంటను ముందుకు జరిపి, మూడు ఇరవై నిమిషాలుగా విడగొట్టి, ఇవాళ్టి నుంచి మూడు తెల్లవారులకు పెట్టించుకున్నారు సులోచనగారు. నిద్ర పట్టడం లేదని కారణం చెప్పారట.

నిన్న సాయంత్రం ఆరో గడిలో నిజం రాసి పంపాను. అరగంటలో ప్రమీలగారి ఫోన్ వచ్చింది. "శుక్రవారం మనిషి వస్తాడు, పొర ఇచ్చెయ్యి. ముందే ఎందుకు రాయలేదమ్మా?" అన్నారు.

తెల్లవారి పొర తొడుక్కుని ఒడ్డుకు వెళ్ళి, ఇవాళ లెక్క సులోచనగారు చెబుతారంటే గొడవయింది. లెక్కకు వట్టి కాళ్ళతో నిలబడాలి. పొర చీకట్లో కూడా చేప పొట్టులా మెరుస్తుంది.

"ఇదేటి అపచారం," అన్నాడు పోలయ్య తాత. "మంచం మీదున్న మనిసి, సంద్రం సూడని మనిసి, అనంతపురంల కూకోని మాకు లెక్క సెప్తాదా?"

"మంచం మీదున్నాది కాబట్టే కదరా కదలకుండా వింటాది," అంది మామ్మ. ఆమెను కుర్చీలో మోసుకొచ్చారు. "కల్లు మూసుకోమని మనం ఎందుకు సెప్తాము? సూడొద్దనే కదా. ఆవిడ అసలే సూడనేదు. నిల్చోవే నూకీ."

సింహాద్రి మావ చివరి వరసలో ఉన్నాడు. "నా వేళ్ళు లెక్కెట్టుకోమను ఆవిడ్ని," అన్నాడు. నాలుగు రోజుల తర్వాత అతను నాతో అన్న మొదటి మాట అది. ఎవరూ నవ్వలేదు. నాకు మాత్రం కొంచెం నయమనిపించింది.

నిలబడ్డాను. ఈసారి కళ్ళు నిజంగానే మూసుకున్నాను. నా వైపు ఏమీ లేదు. చప్పుడు మాత్రమే. అల వచ్చిన చప్పుడు, పోయిన చప్పుడు. అనంతపురంలో ఒక గదిలో ఆమె ఊపిరి.

"ఒకటి," అన్నారామె.

"రెండు."

తర్వాత ఏమీ లేదు. మూడో అల వచ్చి పోయింది. సముద్రం తుడిచిన పలకలా ఉందని తర్వాత అందరూ అన్నారు. అంత నెమ్మది నీళ్ళు ఈ నెలలో చూడలేదట.

"హోల్డాన్," అన్నారు సులోచనగారు. "పాపా, ఎడమది. ఎడమది ముందు పోయింది. రెండుసార్లూ. నిలిపెయ్. ఎవుర్నీ దిగనియ్యద్దు."

కళ్ళు తెరిచాను. "ఉండండి," అన్నాను.

ఎవరూ ఎదురు చెప్పలేదు, చెప్పకూడదు కాబట్టి. కానీ ఇంటికీ పోలేదు. ఇసుక మీద కూర్చున్నారు. ఎండ కొండ మీది నుంచి మా ఒడ్డుకు ఆలస్యంగా దిగుతుంది. అది నీళ్ళను తాకే వేళకు ఉత్తరం వైపు నుంచి సరుగుడు మాను ఒకటి, వేళ్ళతో సహా, తేలుతూ వచ్చింది. మా ముందు నుంచి నావకన్నా వేగంగా పోయింది. దక్షిణానికి. దిబ్బకు కొట్టుకున్న చప్పుడు మాకు వినబడింది.

అయ్య లేచి తెరచాప మడిచాడు. "రేపు మల్లీ అడుగు," అన్నాడు నాతో.

పర్యటన 621

ఇవాళ ఇరవై ఒక్క అలలు. కుడీ ఎడమా సమానం. "రైట్, రైట్," అన్నారు సులోచనగారు. నేను "ఎల్లండి" అన్నాను. మధ్యాహ్నానికి రెండు నావలూ కవళ్ళతో వచ్చాయి. మా నావ లేదు కాబట్టి అయ్యా మావా కట్లతోనే లచ్చయ్య నావలో పోయారు. పేట ఆడవాళ్ళంతా చేపలు ఎండేశారు.

రేపు ఒక తెల్లవారి ఉంది. ఎల్లుండి శుక్రవారం. ఆ తర్వాత ఏమిటో ఎవరికీ తెలియదు. విశ్రాంతి ఇస్తే కొందరికి తిరిగి వస్తుందని ప్రమీలగారు అన్నారు. మామ్మ రోజూ ఆల్చిప్పతో గడప మీద కూర్చుని "తెలిసినాదా?" అని అడుగుతోంది. లేదంటున్నాను. ఈసారి నిజమే చెబుతున్నాను. లచ్చయ్య మనవరాలికి ఏడేళ్ళు నిండాయి. మామ్మ నిన్నటి నుంచి ఆ పిల్లను అలల దగ్గర నిలబెడుతోంది. నేర్చుకోవడానికి ఏళ్ళు పడుతుంది.

పొద్దున నావలు నీళ్ళలోకి దిగాక సులోచనగారి ఇరవై నిమిషాల్లో ఇంకా నాలుగు మిగిలాయి. పొర తీయకుండా అలాగే నిలబడ్డాను.

"నీకెట్లుంది పాపా?" అని అడిగారు సులోచనగారు.

ఆరువందల ఇరవై ఒక్క పర్యటనల్లో ఏ అతిథీ ఈ మాట అడగలేదు. సమాధానం కోసం కిందికి చూశాను. నీళ్ళు వచ్చి చీలమండల దాకా నిండి, పోయాయి.

"నీళ్ళు చల్లగా ఉన్నాయాండీ?" అని ఆమెనే అడిగాను.

ఒక అల పోనిచ్చి, "సల్లగా ఉన్నాయి," అన్నారు. "ఇసుక మటుకు రవ్వంత ఎచ్చగా ఉంది."

అది రాసుకున్నాను.